పాటకు వాటా ఏదీ?



ఐబొమ్మ అనే దొంగ సినిమాల సైటును నడిపాడన్న అభియోగంపై హైదరాబాదు పోలీసులు 2025 నవంబరులో ఒక మనిషిని అరెస్టు చేశారు. ఆ మరునాటి నుండి అంతర్జాలంలో అతనికి పట్టిన నీరాజనాలు ఇన్నీ అన్నీ కావు. అతడు తెలుగువారి రాబిన్‌హుడ్ అట. పేదవాని ఇంటికి వినోదాన్ని ఉచితంగా చేర్చిన దాత అట. ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రవాళ్లు ఈ మాటలంటే నేను పట్టించుకొనేవాడిని కాను. కూడలి, జల్లెడల కాలం నుండి తెలుగులో రాస్తున్న మన మిత్రుడొకరు కూడ ఇదే ధోరణిలో ఒక టపా రాసి, చివరలో పాటల ప్రసక్తి తెచ్చారు. ఇరవై ఏళ్లుగా మనమందరం పాటలను ఉచితంగా దించుకుంటూనే ఉన్నాము, కంపెనీవాడి బొజ్జ కొంచెం తగ్గిందేమో గాని పాటగాడు నష్టపోయింది లేదు, పైగా వానికి ప్రచారమే కదా, అని వారి వాదసారం. వ్యాఖ్యలలో అందరూ భేష్ అన్నారు. నేను భేష్ అనలేను. ఎందుకు అనలేనో వ్యాఖ్యలో ఇమిడే మాట కాదు గనుక ఈ టపా.

సినిమా జోలి నాకు వద్దు. ఆ రంగం పెద్దలకు వకీళ్లున్నారు, పోలీసులున్నారు, టీవీలున్నాయి. నేను పాట గురించి, అందులోనూ నల్లగొండ, పాలమూరు పాటగాని గురించి మాత్రమే మాట్లాడతాను. నాకు తెలిసిన నేల అది. ముప్పై ఏళ్ల పైచిలుకు అక్కడి బడులలోనే ఛందస్సు చెప్పాను.

ముందుగా ఆ బిరుదు సంగతి. రాబిన్‌హుడ్ కోసం ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. మా పాలమూరులో పండుగ సాయన్న ఉన్నాడు. ఉన్నవారి గాదెలు కొట్టి లేనివారికి పంచినవాడు. పంతొమ్మిదో శతాబ్దం చివరి మాట. సాయన్న గింజలు పంచినప్పుడు వాటి నడుమ జూదపు గవ్వలు కలిపి పంచలేదు. ఈ దాతగారు బెట్టింగు యాపుల ప్రకటనలతో సొమ్ము చేసుకున్నాడని పోలీసులు చెబుతున్నారు. అది కోర్టు తేలుస్తుంది. నేను అడిగేది వేరు. పండుగ సాయన్న పేరు ఈనాటి వరకు బ్రతికి ఉండడానికి కారణమెవరు? చరిత్ర పుస్తకాలా? కావు. ఊరూరా తిరిగి అతని కథ పాడిన కిన్నెరగాళ్లు. ఆ పాడినవారికి మనం ఏమిచ్చాము? ఉచితంగా విన్నవారు, డబ్బిచ్చి కొన్నవారు, అమ్ముకున్నవారు, ముగ్గురినీ కలిపే అడుగుతున్నాను.

సంగీతకారులు ఈ విషయంలో ఏమనుకుంటున్నారని అడిగితే ఒక్క జవాబు రాదు. 2000 సంవత్సరంలో అమెరికాలో నాప్‌స్టర్ గొడవ జరిగినప్పుడు మెటాలికా బృందంలో డోలు వాయించే లార్స్ ఉల్రిచ్ సెనేటు ముందుకు పోయి ఇది దోపిడీ అని వాదించాడు. ఆ ఏడే కోర్ట్నీ లవ్ అనే గాయని, అసలు దోపిడీ రికార్డు కంపెనీల ఒప్పందాలలోనే ఉందని లెక్కలు కట్టి చెప్పింది. 2007లో రేడియోహెడ్ అనే బృందం తమ పాటల సంపుటిని జాలంలో పెట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అన్నది. మన దగ్గరికి వస్తే, 2017 మార్చిలో ఇళయరాజా తన బాణీలను తన అనుమతి లేకుండా వేదికల మీద పాడరాదని సాక్షాత్తు బాలసుబ్రహ్మణ్యం గారికే నోటీసు పంపించారు. బాలు గారు నొచ్చుకొని ఆ పర్యటనలో ఆ పాటలు పాడటం మానుకున్నారు. తరువాత ఇద్దరూ కలిసిపోయారనుకోండి. ఆ తగవులో తెలుగువారంతా బాలు వైపే నిలిచారు. చట్టం లెక్కలో బాణీ కట్టినవానికి ఒక హక్కు, పాడినవానికి మరొక హక్కు ఉన్నాయని, ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడగలవని మనలో చాలామందికి అప్పుడే తెలిసింది.

అయితే వీరందరూ పేరు గలవారు. నోటీసు పంపగలవారు, పంపితే పత్రికలలో వచ్చేవారు. మా మెట్టభూముల పాటగాడు ఏమంటాడన్నది ఎవరూ అడగరు. వాడికి ఆస్తి అన్న భావమే లేదని, పాట గాలి వంటిదని వాడు నమ్ముతాడని, జానపదం అంటేనే ఎవరిదీ కానిదని మనం నిర్ణయించేసుకున్నాము. చదువుకున్నవాళ్లు చేసిన ఈ నిర్ణయం వట్టి అబద్ధం.

కొంచెం ఓపికగా వినండి. తెలంగాణలో ఆశ్రిత కులాలని ఉన్నాయి. మాదిగలను ఆశ్రయించి దక్కలివారు, చిందువారు. పద్మశాలీలను ఆశ్రయించి కూనపులివారు. గొల్లలను ఆశ్రయించి మందహెచ్చులవారు. ఇలా ఒక్కొక్క కులానికి దాని పురాణం చెప్పే వాళ్లున్నారు. దక్కలివారు జాంబపురాణం చెబుతారు. వీరికి ఊళ్లు మిరాశీ. అంటే ఫలానా ఫలానా ఊళ్లలో కథ చెప్పే హక్కు ఫలానా కుటుంబానిది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్లు ఊళ్లను పంచుకుంటారు. ఒకరి మిరాశీ ఊరిలో మరొకరు కిన్నెర మీటితే తగవు, కులపంచాయతీ, తప్పు కట్టడం. కథ వినడానికి ఊరందరికీ అడ్డు లేదు. విన్నవాడు తిరిగి పాడుకుంటే ఎవరూ కాదనరు, పొలంలో కలుపు తీస్తూ ఆడవాళ్లు అదే కథను పదంగా అల్లుకుంటే ఎవరూ అడగరు. కాని ఆ ఊరి నుండి రావలసిన గింజలు, గుడ్డ, రొక్కం మాత్రం మిరాశీదారునికే చేరాలి. దానిని వారు బిచ్చమని అనరు. అడుక్కోరు, అడుగుతారు. ఇవ్వకపోతే నిలదీస్తారు. అది దానం కాదు, వాటా.

ఈ ఏర్పాటును నేను నెత్తిన పెట్టుకొని ఊరేగటం లేదు. దక్కలివాడు మాదిగవాని గడప కూడ తొక్కరాదన్న కట్టుబాటు దానిలో భాగమే. అంటరానివాని చేత కూడ అంటరానివాడనిపించుకున్న కులం అది. పోవలసిన ఏర్పాటే. విద్వద్గద్వాల అని మనం గర్వంగా చెప్పుకునే సంస్థానంలో కవిపండితులకు సత్కారాలు జరిగిన రోజులలో ఈ కిన్నెర ఏ వాకిట మోగిందో ఆలోచించుకోవచ్చు. అయినా ఆ దుర్మార్గపు ఏర్పాటులో కూడ ఒక్క సంగతి స్పష్టంగా ఉంది: పాట అందరిదీ, పాడినవాని వాటా వానిది. ఈ రెండు మాటలకూ వైరం లేదని వాళ్లకు తెలుసు. మనకూ, మన చట్టానికీ తెలియదు.

కిన్నెర ఈనాటిది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. పండితారాధ్యచరిత్రలో తుమ్మెదపదాలు, వెన్నెలపదాలు, గొబ్బిపదాలు అని తన కాలపు పాటలకు పేర్లు రాశాడు. పదమూడవ శతాబ్దం నాటికే ఈ పాటలకు జాతులున్నాయి, వాద్యాలున్నాయి, పాడేవారున్నారు. ఏడువందల ఏళ్లకు పైగా బ్రతికిన విద్య కేసెట్టు వచ్చిన ముప్పై ఏళ్లలో వీధిన పడింది.

ఎలా పడిందో చెబుతాను. మనిషి పోని ఊరికి గొంతు పోవడం మొదలయింది. అదీ అసలు మార్పు. మిరాశీ ఊరిలో వాటా ముట్టాలంటే మనిషి అక్కడికి పోవాలి కదా. కేసెట్టు వచ్చాక ఊరు పాటను విన్నది, పాటగాడిని చూడలేదు. ఆ తరువాత సీడీ, ఆ తరువాత ఎంపీత్రీ. దేవరకొండలో, అచ్చంపేటలో, కల్వకుర్తిలో బస్టాండు పక్క సెల్‌ఫోను దుకాణాలలో పదో ఇరవయ్యో తీసుకొని మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి పంపిన రోజులు మీకు జ్ఞాపకముండే ఉంటాయి. నా విద్యార్థులు లఘువు గురువు గుర్తించలేరు గాని బ్లూటూతులో పాటను ఒక జేబు నుండి మరొక జేబుకు పంపడం నాకే నేర్పించారు.

ఆ విద్యార్థులలో ఒకడు పాటగాడయ్యాడు. పేరు చెప్పను, చెబితే వానికి ఉన్న నాలుగు అవకాశాలు పోతాయి. 2004 ప్రాంతంలో హైదరాబాదులో ఒక ఆడియో కంపెనీకి ఎనిమిది పాటలు పాడాడు. అందులో మూడు వాడు కట్టినవే, మిగిలినవి వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చినవి. చేతిలో కొంత రొక్కం పెట్టి, ఆంగ్లంలో ఉన్న ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. కేసెట్టు అట్ట మీద కంపెనీ పేరు, ఫోను నంబరు, మధ్యలో ఎవరిదో నటీమణి బొమ్మ. వాని పేరు ఎక్కడ? 'మరియు బృందం' అన్న మాటలో ఇమిడిపోయింది. నాలుగేళ్ల తరువాత ఆ పాటలు ఒక దొంగ సైటులో ప్రత్యక్షమయ్యాయి. వాని పాటను నేనే దించి వినిపించాను. ఫోనులో గాయకుని పేరు ఉండవలసిన గడిలో ఆ సైటు పేరు ఉంది!

అప్పుడు వాడన్న మాట ఇది: "పాట ఎత్కపోయిండ్రని నాకు బాధ లేదు సార్. పాట ఊర్లు తిరగాల్ననే గద కట్టినం. కంపెనోడు నా పేరు దాసిపెట్టిండు, ఈడు నా పేరు తుడ్సి ఆని పేరు రాసుకున్నడు. రేపు నేనే పోయి ఈ పాట నాదంటే ఎవడు నమ్ముతడు?"

ఈ మాటలో నాకు రెండు దొంగతనాలు కనిపించాయి. మన మిత్రుడు ఒకదానినే చూశారు. కంపెనీ పోస్టర్లు రెండవదానినే చూపుతాయి. మొదటి దొంగ రెండవ దొంగను దొంగ దొంగ అని తరుముతున్నాడు. దారిన పోయేవాళ్లం మనం ఎవరో ఒకరికి చప్పట్లు కొడుతున్నాము.

కంపెనీల నీతి సంగతి కూడ చెప్పుకుందాం. 1980లలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ ఎలా పెరిగింది? గ్రామఫోను కంపెనీ దగ్గరున్న పాత హిందీ పాటలను వేరే గొంతులతో పాడించి, చౌక కేసెట్లుగా దేశమంతా చల్లి. చట్టంలోని ఒక చిన్న సందు దానికి దారి ఇచ్చింది. ఆ సందులో నుండి వచ్చినవారు పెద్దవారయ్యాక సందు మూసి కాపలా కూర్చున్నారు. (పైరసీ అంటే ఓడదొంగతనం కదా. సముద్రం ముఖం ఎరుగని నల్లగొండ కుర్రవానికి ఆ బిరుదు తగిలించడం చూస్తే నాకు నవ్వు వస్తుంది.) 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఇటువంటి నేరానికి ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుండి రెండు లక్షల వరకు జరిమానా.

మరి ఆ చట్టం పాటగానికి ఏమిచ్చింది? 1977లో సినిమా నిర్మాతలకూ, పాటల రచయితల సంఘానికీ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నిర్మాతల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ తన మాటగా ఒక అనుబంధం చేర్చారు. పాటకు ప్రాణం పోసే గాయకుని గొంతుకు మన చట్టంలో చోటు లేకపోయిందే అని దాని సారం. ఆ చోటు కాస్త దొరకడానికి 1994 దాకా ఆగవలసి వచ్చింది. ప్రదర్శకుని హక్కు అనేది అప్పుడు వచ్చింది. 2012లో మరొక సవరణ వచ్చి, పాడినవానికి కూడ వ్యాపార వినియోగంలో రాయల్టీ ఉండాలన్నది. ఆ సవరణ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా మాట్లాడారు. 2013లో గాయకులు తమ సంఘమొకటి పెట్టుకున్నారు. అంతా బాగానే ఉంది. లింగాల మండలంలోనో మర్రిగూడలోనో ఉన్న పాటగాడు ఆ సంఘంలో చేరాలంటే ముందు ఆ పాట తాను పాడినట్లు రుజువు చూపాలి. రుజువు అంటే పేరు. పేరు ఎక్కడుంది?

ఇక్కడ చట్టంలో రెండు చోట్లు మీకు చూపాలి. నేను తెలుగు పండితుడినే గాని, సూత్రాలూ వార్తికాలూ చదివిన అలవాటున్నవానికి చట్టం చదవటం పెద్ద కష్టం కాదు. సెక్షను 52-ఎ ప్రకారం పాట ముద్రించిన ప్రతి కేసెట్టు మీద, డబ్బా మీద కొన్ని వివరాలు తప్పక ఉండాలి. ముద్రించినవాని పేరు, చిరునామా. హక్కుదారుని పేరు, చిరునామా. మొదట వెలువడిన సంవత్సరం. అంతే! పాడినవాని పేరు ఉండాలని ఆ సెక్షను అడగదు. రెండవది ఇంకా విచిత్రం. సినిమాలో ఒకడు యాదృచ్ఛికంగా, ఏదో కొంచెంగా పాడాడనుకోండి. టైటిళ్లలో వాని పేరు వేయకపోతే, ఒక్క పరువుకు సంబంధించిన రక్షణ తప్ప, వాడు చట్టం దృష్టిలో ప్రదర్శకుడే కాడు. పేరు వేయవలసినవాడు వేయకపోతే హక్కు కూడ ఉండదన్నమాట. పేరు అనేది కీర్తికాంక్ష అనుకునేవారు ఈ నిబంధనను రెండుసార్లు చదవాలి. వాటాకు మూలం పేరు. పేరు పోతే వాటా అడిగే నోరు పోయినట్లే.

జానపద గేయానికైతే ఆ మాత్రం గతి కూడ లేదు. కర్త తెలియని పాటకు ఈ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. దానిని ముద్రించినవాని ముద్రణకు మాత్రం అరవై ఏళ్ల హక్కు. నాయనమ్మ నోటి పాటకు దిక్కు లేదు, మనవని గొంతును పట్టిన టేపుకు దిక్కుంది. రేపు ఆ మనవడే ఆ పాటను వాకిట్లో పాడి యూట్యూబులో పెడితే, ఈ హక్కు మాది అని యంత్రం అడ్డు తగిలినా ఆశ్చర్యపడనక్కరలేదు.

సారంగదరియా పాట తగవు మరచిపోలేదు కదా. 2021లో లవ్‌స్టోరీ సినిమా కోసం ఆ పాట వచ్చింది. దానికి రూపమిచ్చిన సుద్దాల అశోక్ తేజ గారు మా నల్లగొండ బిడ్డ, గొల్లసుద్దుల బాణీని సాయుధపోరాటానికి ఆయుధం చేసిన సుద్దాల హనుమంతు గారి కుమారుడు. కోమలి అనే గాయని ముందుకు వచ్చి, తాను సేకరించి టీవీలో ముందు పాడిన పాట ఇది, నా ఊసే లేకుండా వాడుకున్నారు అన్నది. గొడవ పెద్దదయ్యాక దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని బహిరంగంగా ప్రకటించారు. వారి పెద్దమనసును కాదనను. గొడవ చేయలేని కోమలులు ఎంతమంది అన్నది నా బాధ. ఒక పాటకు సేకర్త ఉంటారు, పాడినవారుంటారు, తిరగరాసినవారుంటారు, వారికంటె ముందు ఆ పాటను కడుపులో దాచుకున్న ఒక ముసలమ్మ ఉంటుంది. ఈ నలుగురి పేర్లనూ ఒక వరుసలో రాయడానికి ఏ ఖర్చూ లేదు.

మా ప్రాచీన ఆలంకారికులు ఈ విషయంలో మనకంటె తెలివైనవారు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో పరుల మాటను, భావాన్ని తీసుకోవడం గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు. ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని నాలుగు విధాలు చెప్పాడు. అద్దంలో నీడ వలె యథాతథంగా దించేవాడు ఒకడు, బొమ్మ గీసినట్లు కొంచెం మార్చేవాడు ఒకడు. తీసుకోవడమే నేరమని ఆయన అనలేదు. ఎలా తీసుకున్నావు, తీసుకొని ఏం చేశావు అన్నది ప్రశ్న. మన వాగ్గేయకారులు చివరి చరణంలో ముద్ర ఎందుకు వేశారు? శతకకర్తలకు మకుటం మీద అంత పట్టుదల ఎందుకు? తాళపత్రాన్ని ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు, ఆపేవారు లేరు. అందుకని పేరును పాట కడుపులోనే నేసేశారు. క్షేత్రయ్య పదాన్ని ఎత్తుకుపోయేవాడు మువ్వగోపాలుని కూడ మోసుకుపోక తప్పదు. ఎంపీత్రీ దొంగ ఆ గడిలో తన సైటు పేరు వేసినప్పుడు చేసింది ముద్రాపహరణం. అటువంటి పనిని రాజశేఖరుని నాలుగు గడులలో దేనిలోనూ పెట్టలేము.

ఇంతకూ దానం మాట. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. 2021 సెప్టెంబరులో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందు నుండి పాడుతున్న మనిషిని లోకం ఆ రోజు చూసింది. పవన్ కల్యాణ్ గారు రెండు లక్షల రూపాయలు ప్రకటించారు. 2022 జనవరిలో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో అదే మొగిలయ్య గారు హైదరాబాదు పక్కన తుర్కయంజాలు దగ్గర కట్టడాల పనిలో దినకూలీగా కనిపించారు. పత్రికలన్నీ రాశాయి. మళ్లీ నాయకులు పోయారు, మళ్లీ సాయం చేశారు.

ఇచ్చినవారెవరినీ నేను తప్పుపట్టను. ఇచ్చిన చేయి మంచిదే. కాని ఇది ఏ రకమైన ఏర్పాటు? ఇష్టమైనప్పుడు కోటి, మరచిపోయినప్పుడు కూలి. దానం దాత మనసు మీద నడుస్తుంది, వాటా లెక్క మీద నడుస్తుంది. నెలనెలా కొద్దికొద్దిగా, పాట మోగినంత కాలం, అడగకుండానే ముట్టే లెక్క ఒకటి ఉంటే పద్మశ్రీ గ్రహీత తట్ట మోయవలసిన అవసరం ఉండదు. 2024లో పద్మశ్రీ అందుకున్న బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారిది నారాయణపేట జిల్లా దామరగిద్ద. ఇద్దరూ పాత పాలమూరు వారే. కరువు నేలకు పతకాలు బాగానే పండుతున్నాయి.

ఇక మన మిత్రుని ప్రచారవాదం. ఉచితంగా పంచితే పాటగానికి ప్రచారమే కదా అన్నారు. పేరుతో పంచితే ప్రచారం. పేరు లేకుండా పంచితే ఏమవుతుందో నా శిష్యుడు చెప్పాడు. ఇంకొక ఆక్షేపణ కూడ రావచ్చు: 2009 నుండి 2014 వరకు ఉద్యమపాటలు లక్షల జేబులలోకి ఉచితంగానే ఎక్కాయి, గోరటి వెంకన్న పాటలు, గద్దర్ పాటలు ఎవరూ కొనుక్కొని వినలేదు, వారెవరైనా కేసు వేశారా అని. నిజమే. పాట ఎంత దూరం పోతే అంత మేలని పాడినవారే కోరుకున్న కాలం అది. అక్కడ ఇచ్చింది పాటగాడు. తాను ఇష్టపడి ఇచ్చాడు. వాని పేరు ప్రతి పల్లెకు తెలుసు. గౌరారం వెంకన్న అంటే పాలమూరులో పశువులు కాసే పిల్లవాడు కూడ గుర్తుపట్టేవాడు. వెంకన్న గారికి 2021 సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చినప్పుడు అది ఎవరి పాట అని ఎవరూ అడగలేదు. ఒకరు ఇష్టపడి ఇచ్చిన దానిని చూపించి మరొకరి జేబులో చేయి పెట్టడం ఏ తర్కం? అన్నదాన సత్రంలో ఉచితంగా తిన్నాను గనుక హోటలులో కూడ డబ్బివ్వను అన్నట్లుంది.

నెలనెలా చందా కట్టి న్యాయంగా పాటలు వింటున్నవారు కూడ ఊరట చెందనక్కరలేదు. ఆ చందా ఎవరి పేరు మీద పాట నమోదయి ఉంటే వారికి పోతుంది. నాయనమ్మ పేరు నమోదు కాలేదు.

1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక వెలువరించారు. ఆయనదీ పాలమూరు నేలే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను పేరుపేరునా పోగు చేసి అచ్చు వేశారు. వ్యాసం రాసి వాదించవచ్చు, పద్యం రాసి తిట్టవచ్చు. ఆయన పేర్లు రాశారు. ఆ పేర్ల ముందు ఎదుటివాడు నోరు తెరవలేకపోయాడు. పాటగాళ్లకు అటువంటి సంచిక లేదు. ప్రభుత్వం వేస్తుందని కూర్చుంటే మన పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఆ పని బ్లాగరులు చేయగలరు. ఇరవై ఏళ్ల క్రితం తెలుగు అక్షరాలే కనిపించని జాలంలో లేఖిని పట్టుకొని తెలుగును నింపినవాళ్లం మనం. పాత కేసెట్టు అట్టలు మన అటకల మీద ఉన్నాయి. ఆ పాటలు పాడినవారిలో చాలామంది ఇంకా బ్రతికే ఉన్నారు, ఫోను చేస్తే పలుకుతారు.

మన మిత్రుని పేజీలో జానపద గీతాలన్న శీర్షిక కింద నలభై పాటలున్నాయి, ఒక్కదాని కింద కూడ ఎవరి పేరూ లేదు. నేను నలభైనీ విన్నాను. పదకొండింటి గొంతులు పోల్చుకోగలిగాను. పాడినవారిని, వారి ఊళ్లను రాసి, అందులో ముగ్గురి దగ్గర స్వయంగా అడిగి నిర్ధారించుకొని, నిన్న రాత్రి వారికి మెయిలు చేశాను. ఆ ముగ్గురిలో ఇద్దరు పాట ఉంచుకోండి, పేరు వేయండి అన్నారు. మూడవ ఆమె తీసేయమన్నది. ఆ పాట తన అక్క కాపురం కూలిపోయినప్పుడు కట్టుకున్నదట, ఏదో సేకరణ అని వచ్చినవారు టేపు పెట్టుకొని పోయారట. మిత్రుడు ఆ పాటను ఇంకా తీయలేదు. మిగిలిన ఇరవైతొమ్మిదింటిలో పన్నెండవది, ఇరవైమూడవది యాసను బట్టి దేవరకొండ వైపువి అనిపిస్తున్నాయి. ఆ ప్రాంతం మిత్రులెవరైనా విని, గొంతు గుర్తుపడితే వ్యాఖ్యలో రాయండి.